బందరు రోడ్డు మీద దివంగతురాలు

నవంబరు 3, ఆదివారం

ఈ డైరీకి ఏకైక రచయిత్రిని, ఏకైక పాఠకురాలిని నేనే కనుక కోరం ఎల్లప్పుడూ ఉన్నట్టే భావించి సమావేశం ప్రారంభిస్తున్నాను.

మొదటి అంశం. మా అమ్మ వెంకటరత్నమ్మ, కంకిపాడు బాలికల ఉన్నత పాఠశాల విశ్రాంత డ్రిల్లు టీచరు, గత మార్చిలో మూత్రపిండాల వ్యాధితో కాలధర్మం చెందారు. దీనిపై సంతాపం తెలపవలసి ఉన్నది. సభ్యురాలికి పాలనాశాస్త్రం రెండో సంవత్సరం పేపర్లు దిద్దే పని ఉన్నందున ఈ అంశం వాయిదా.

రెండో అంశం. ఈ ఉదయం బందరు కాలవ గట్టు మీద ఒక కరెంటు స్తంభం నుంచి మరొక కరెంటు స్తంభం దాకా పరుగెత్తాను. దారిలో పడుకున్న గేదె నన్ను చూసి లేచి నిలబడింది. గౌరవంతో కాదని నా అభిప్రాయం.

పరుగుకు కారణం నమోదు చేయడం మంచిది. మా మేనమామ వెంకటకృష్ణారావు గారు కృష్ణాతీర సేవా సమాఖ్యకు అధ్యక్షులు. కంకిపాడు వైపు నుంచి విజయవాడకు డయాలసిస్‌కు వచ్చేవాళ్ళను తీసుకెళ్ళి, తిరిగి ఇళ్ళ దగ్గర దింపడానికి అమ్మ పేరు మీద ఒక వ్యాను ఇప్పించమని ఆయనను అడిగాను.

"ఊరికే ఇస్తే ఏముంటుందమ్మాయ్? ఎవరో ఒకళ్ళు ఏదో ఒకటి చేస్తే కదా నలుగురూ చూసేది. ఈమధ్య అందరూ పరుగులెడుతున్నారు. బందరు నుంచి ఇక్కడ ఆసుపత్రి దాకా రెండు రోజుల్లో ఎవరన్నా వస్తే, ఇదిగో వ్యాను అని తాళాలు చేతిలో పెడతా."

"నేను వస్తాను."

"నువ్వా?" సమాఖ్య సభ్యులందరి ముందూ మామయ్య పొట్ట పట్టుకొని నవ్వారు. "కన్నతల్లి డ్రిల్లు పీరియడుకే డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చినదానివి!"

ఇది వాస్తవం. నావి చదునుపాదాలు. అమ్మ పనిచేసిన బడిలోనే చదివాను, అమ్మ నిలబెట్టిన వరుసలో ఒక్కనాడూ నిలబడలేదు. సదరు ధ్రువపత్రంలో కాలపరిమితి రాయలేదు కనుక అది నేటికీ చెల్లుతుంది. అయినా మామయ్య నవ్వు ముగిసేలోపే డిసెంబరు మూడో వారం అని తేదీ ఖాయం చేసి వచ్చాను.

ఈ కార్యక్రమం కేవలం పరిపాలనా స్వభావం కలది. భావోద్వేగాలకు ఇందులో పాత్ర లేదు.

నవంబరు 5, మంగళవారం

కాళ్ళు ఉన్నవి. నిరసన తెలుపుతున్నవి.

నవంబరు 12, మంగళవారం

కంకిపాడులో జమాల్ బీ గారింటికి వెళ్ళాను. ఆవిడ జాకెట్లు కుడతారు. మూడేళ్ళపాటు ఆవిడా అమ్మా పక్కపక్క మంచాల మీద డయాలసిస్ చేయించుకున్నారు. మంగళ, గురు, శనివారాలు. పొద్దున్నే ఒకే బస్సు.

ఆ బస్సులో అమ్మ అనుసరించిన విధానం జిల్లాలో మరెక్కడా అమలులో లేదు. ఎక్కగానే మెడలోని డ్రిల్లు ఈల ఊదేది. "లేడీస్ సీట్లలో ఉన్న మగాళ్ళు లెగండి! లెగిసినవాళ్ళు చేతులు పక్కకి పెట్టి నిలబడండి!" కండక్టరు కూడా చేతులు పక్కకు పెట్టేవాడని వినికిడి.

"టీచరమ్మ పోయాక నుంచునే వస్తన్నా భానమ్మా," అన్నారు జమాల్ బీ. "పోయేటప్పుడు పర్లేదు. వచ్చేటప్పుడే. సూదులు పొడిచిన చెయ్యితో రాడ్డు పట్టుకోలేను. మొన్న పోరంకి కాడ కళ్ళు తిరిగి ఒకాయన మీద పడ్డా. తాగొచ్చాననుకున్నాడు!"

ఆవిడ నవ్వారు. నేను నవ్వలేదు.

"అందుకని వారానికి ఒక్కసారే పోతన్నా. ఒళ్ళు బాగానే ఉంది."

ఆవిడ పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. నా చూపు అటు పోవడం గమనించి చీర కుచ్చెళ్ళు కిందికి లాక్కున్నారు. తర్వాత కుట్టుమిషను మీది రేకుడబ్బాలో దారపు ఉండలు పక్కకు తోసి ఒక వస్తువు తీశారు. ఈల.

"ఆఖరు గురువారం నా చేతిలో పెట్టింది. ఇంక నువ్వూదు జమాలూ అంది. నేనూదితే ఎవరు లెగుస్తారమ్మా? నన్నే దింపేస్తారు. నువ్వు తీసుకో. నీదే గదా."

"వద్దండీ. అది మీకు సక్రమంగా బదిలీ అయిన ఆస్తి."

మార్చి నుంచి రెండు బీరువాలు, ఒక అటక, తమ్ముడి కారు డిక్కీ వెతికినది ఈ ఈల కోసమే. సమాచారం నిమిత్తం మాత్రమే నమోదు చేస్తున్నాను.

నవంబరు 13, బుధవారం

అమ్మ ఫోను నంబరుకు రీచార్జి చేయించాను. పరిపాలనా కారణాలు.

నవంబరు 24, ఆదివారం

శిక్షణ బాధ్యత మా కళాశాల వ్యాయామ అధ్యాపకుడు ఆరోన్ స్వీకరించారు. గట్టు మీద స్కూటరు నడుపుతూ నా పక్కనే వస్తారు. మితభాషి.

"మేడమ్, మీ కాళ్ళు పరిగెడుతున్నాయి గానీ చేతులు ఉపన్యాసం ఇస్తున్నాయండి. ఆపండి."

కొంతసేపటికి, "ఇవాళ ఎలా పరుగెత్తానండీ?" అని అడిగాను.

"ఇవాళ పడలేదండి."

సాయంత్రం గవర్నర్‌పేటలో తమ్ముడు జయంత్ కొట్టుకు వెళ్ళాను. వైర్లు, స్విచ్చిలు హోల్‌సేల్. తమ్ముడు అభ్యంతరం లేవనెత్తాడు.

"అక్కా, అమ్మ పోయి ఏడాదన్నా తిరగలేదు. నువ్వు ట్రాకు ప్యాంటేసుకొని బందరు రోడ్డంతా పరిగెడితే జనం ఏమనుకుంటారు?"

"అమ్మ సర్వీసంతా చీర మీద ట్రాకు కోటు తొడుక్కునే తిరిగింది. అప్పుడేమనుకున్నారో ఇప్పుడూ అదే."

"అది ఉద్యోగం."

"ఇదీ అంతే."

తమ్ముడు బిల్లు పుస్తకం పక్కకు తోశాడు. "సరే. ఫ్లెక్సీల సంగతి నేను చూసుకుంటా. అదొక్కటీ నాకు వదిలెయ్."

వదిలేశాను. ఈ నిర్ణయాన్ని చరిత్ర సమీక్షిస్తుంది.

డిసెంబరు 7, శనివారం

జమాల్ బీ గారికి నిన్న ఊపిరాడలేదు. కూతురు మెహరాజ్ ఆటోలో ఆసుపత్రికి చేర్చింది. ఊపిరితిత్తుల్లోకి నీరు చేరిందట. డాక్టరుగారు గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. "వారానికి మూడుసార్లు రావాలి. మరోసారి ఇలా వస్తే నేను హామీ ఇవ్వలేను."

మంచం పక్కన కూర్చున్నాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో ఆవిడ అడిగిన మొదటి మాట: "వ్యాను ఎప్పుడొస్తదమ్మా?"

"ఇరవై ఒకటో తారీఖు."

సవరణకు అవకాశం లేకుండా నేను చెప్పిన వాక్యం జీవితంలో ఇదొక్కటే.

సంతాపం: వాయిదా.

డిసెంబరు 15, ఆదివారం

ఫ్లెక్సీలు వెలిశాయి. బందరు నుంచి బెంజి సర్కిల్ దాకా, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు, పోరంకి, ప్రతి కూడలిలోనూ ఒకటి.

యథాతథ వర్ణన. మధ్యలో పెద్ద అండాకారం. చుట్టూ బంతిపూల దండ, రెండు వైపులా దీపపు సెమ్మెలు. అండాకారంలో నేను. నా కింద: "అశ్రునివాళి. కీ.శే. భానుశ్రీ గారి పుణ్యస్మృతిలో మహా పరుగు." దిగువన నిర్వాహకుల వరుసలో మామయ్య పక్కన, చీర మీద ట్రాకు కోటుతో, మెడలో ఈలతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ మా అమ్మ: "శ్రీమతి వెంకటరత్నమ్మ గారు, కార్యక్రమ నిర్వాహకురాలు."

ముద్రణ నాణ్యత బాగున్నది.

డిసెంబరు 16, సోమవారం

పరామర్శలు ప్రారంభమైనవి. ఉదయం నుంచి తమ్ముడి కొట్టుకు జనం. నేను అక్కడే స్టూలు మీద కూర్చొని కాఫీ తాగుతున్నాను. దూరపు బంధువు సంపూర్ణమ్మ గారు పెనమలూరు నుంచి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఎంత పని జరిగింది నాయనా! మొన్ననే అమ్మ పోయిందన్నారు, ఇప్పుడు అక్కయ్యా? అసలు ఎప్పుడు జరిగింది?"

"ఇంకా జరగలేదండీ," అన్నాను.

ఆవిడ నన్ను చూశారు, ఫ్లెక్సీ ఫొటో ఉన్న ఫోను చూశారు, మళ్ళీ నన్ను చూశారు. తర్వాత స్టూలు ఆవిడకు ఇవ్వవలసి వచ్చింది.

మధ్యాహ్నం ఫ్లెక్సీల దుకాణంలో విచారణ. యజమాని చక్రి లేచి నిలబడి వాంగ్మూలం ఇచ్చాడు.

"మీ తమ్ముడుగారు రెండు ఫొటోలు పంపారండి. పేర్లు రాశారు గానీ పోయినావిడ ఎవరో రాయలేదండి. ఒకావిడేమో హాయిగా నవ్వుతున్నారు. ఇంకొకావిడ..."

"చెప్పండి."

"మీది కాలేజీ ఐడీ కార్డు ఫొటో కదండీ. నేను పోయినవాళ్ళ ఫొటోలు రోజూ చూస్తానండి. అందరూ అచ్చం అట్టాగే ఉంటారు. నవ్వుతున్నావిడ పోయారని ఎట్టా అనుకుంటానండీ?"

ఈ వాదనలో నాకు లోపం కనిపించలేదు. నిందితుణ్ణి విడుదల చేశాను.

డిసెంబరు 17, మంగళవారం

మామయ్య పిలిపించారు. ఇంటి ఆవరణలో తెల్లని కొత్త వ్యాను, మీద టార్పాలిన్ కప్పి ఉంది. మామయ్య ముఖం కూడా అలాగే ఉంది.

"బతికున్న మనిషికి దండేశారు. ఇది మంచిది కాదమ్మాయ్, కీడు. శాంతి చేయించాలి. ఈ నెల్లో కుదరదంట. మాఘంలో చూద్దాం. అప్పటిదాకా అంతా క్యాన్సిల్."

"మాఘం దాకా జమాల్ బీ గారు ఆగలేరు మామయ్యా."

"ఎవరావిడ?"

"మీ అక్కయ్య పక్క మంచం."

మామయ్య టార్పాలిన్ అంచు కిందికి లాగారు. "నేను చెప్పేది నీ మంచికే. అధ్యక్షుడిగా వాయిదా వేస్తన్నా."

"మీకు ఆ అధికారం లేదు మామయ్యా. ముద్రితమైన దాని ప్రకారం నిర్వాహకురాలు వెంకటరత్నమ్మ గారు. ఆవిడ వద్ద నుంచి వాయిదా ఉత్తర్వు ఏదీ రాలేదు."

"పిచ్చి పట్టిందా నీకు? అక్కయ్య పోయిందే!"

"పోయింది నేను. బందరు నుంచి బెంజి సర్కిల్ దాకా రాసి ఉంది. పోయినవాళ్ళకు కొత్తగా జరిగే కీడేమిటి?"

"వ్యాను ఇవ్వను, పో!"

"రెండు రోజుల్లో వస్తే తాళాలు చేతిలో పెడతానని సమాఖ్య అంతటి ముందూ అన్నారు. మీ అక్కయ్య పక్కన నిలబడే అంటున్నారు, ఫ్లెక్సీలో చూసుకోండి."

బయట తమ్ముడు కారులో కూర్చొని ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తప్పు నాదే. రాత్రికల్లా అన్నీ పీకించేస్తా అక్కా."

"ఒక్కటి కూడా ముట్టుకోవద్దు."

"ఎందుకే?"

"దారి పొడుగునా నవ్వుతూ ఉంటుంది."

ఈ వాక్యం నోరు జారి వచ్చినది. రికార్డు నుంచి తొలగించవలసింది. కొట్టివేతలు డైరీకి అందం కాదు కనుక ఉంచాను.

డిసెంబరు 18, బుధవారం

సంతాపం: వాయిదా. దివంగతురాలే సభకు అధ్యక్షత వహించడంలో విధానపరమైన ఇబ్బంది ఉన్నది.

డిసెంబరు 20, శుక్రవారం

తెల్లవారగానే బందరులో బయలుదేరాను. సమాఖ్య తరఫున ఎవరూ రాలేదు. ఆరోన్ స్కూటరు, మజ్జిగ క్యాను, నేను. కాసేపు పరుగు, కాసేపు నడక.

గూడూరు దాటాక రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి ఉన్నాయి. అంచు తొక్కినట్టున్నాను.

"ఏమమ్మోయ్! కళ్ళు కనపడటల్లా? వడ్లు తొక్కుతావేంది?" అని ఒక పెద్దాయన చెక్కపార పట్టుకొని వచ్చారు. దగ్గరికి వచ్చాక నన్ను, స్తంభానికి కట్టిన ఫ్లెక్సీని మార్చి మార్చి చూశారు. గొంతు దిగింది. "ఆ పోయినావిడ మీకేమవుతారమ్మా? మీ పోలికే."

"బాగా కావలసిన మనిషేనండీ."

"పాపం, చిన్న వయసే."

"థాంక్సండీ."

ఆయన వడ్లు పక్కకు లాగి నాకు దారి ఇచ్చారు. బతికి ఉన్న కాలంలో నాకు ఈ జిల్లాలో ఇంత మర్యాద జరగలేదు.

పామర్రులో కుడి మోకాలు సహాయ నిరాకరణ ప్రకటించింది. అక్కడ తమ్ముడు ఎదురొచ్చాడు. కొట్టు మూసి, అరటిపళ్ళు, నొప్పి మందు, ఇంకొక జత మేజోళ్ళు తెచ్చాడు. కారు చెట్టు కింద పెట్టి, బాటా చెప్పులతోనే నా పక్కన నడిచాడు.

"తమ్ముడిగా రాలేదు. ఫ్లెక్సీల ఇన్‌ఛార్జిగా వచ్చా. తనిఖీ."

నిడుమోలులో మొదలైన ఎండ ఉయ్యూరు దాకా వదల్లేదు. ఉయ్యూరులో చెరకు ట్రాక్టర్ల వెనక నడుస్తూ ఆగాను. ఆరోన్ వాళ్ళ పిన్ని అమలమ్మ గారు వేడినీళ్ళు పెట్టారు. కాళ్ళు చూసి, ఉప్పు తెచ్చి నీళ్ళలో వేసి, పక్కన కూర్చొని ప్రార్థన చేశారు. ప్రార్థనలో నా పేరు, మోకాలి పేరు విడివిడిగా వినిపించాయి.

డిసెంబరు 21, శనివారం

ఎడమ చేత్తో రాస్తున్నట్టున్నది. కుడి చెయ్యే. అది కూడా అలసిపోయింది.

కంకిపాడు పొలిమేరలో, బస్టాపుకు కొంచెం ఇవతల, మోకాలు పూర్తిగా ఆగిపోయింది. కల్వర్టు గోడ మీద కూలబడ్డాను. ఎదురుగా ఫ్లెక్సీ. ఆరోన్ మోకాలు నొక్కి చూసి తల అడ్డంగా ఊపారు. తమ్ముడు, "చాల్లే అక్కా, కారెక్కు. అమ్మ ఏమీ అనుకోదు," అన్నాడు.

జరిగినది జరిగినట్టు రాయాలి. ఇక లేవలేనని అక్కడ తీర్మానం జరిగింది. ఏకగ్రీవంగా.

అప్పుడు ఎవరో ఈల ఊదబోయారు. గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి ఈల మోగింది. నేను పుట్టినప్పటి నుంచి ఎరిగిన మోత.

బస్టాపులో జమాల్ బీ. భుజాన ఆసుపత్రి సంచి. ఇవాళ శనివారం, ఆవిడ డయాలసిస్ రోజు. ఆవిడ వెనక చాలామంది ఆడవాళ్ళు, నలభైలు యాభైలు దాటినవాళ్ళు. ఫ్లెక్సీ చూసి డ్రిల్లు టీచరుగారి అమ్మాయి పోయిందని టీచరుగారిని ఓదార్చడానికి కొందరు వచ్చారట. టీచరుగారే పోయారని అక్కడ తెలిసి ఇంకొందరు ఆగారట. ఎవరూ ఇళ్ళకు వెళ్ళలేదు.

జమాల్ బీ నా వైపు వేలు చూపించి అరిచారు. "ఏయ్! ఆ గోడ మీద కూర్చున్న మనిషి లెగాలి! లెగిసి చేతులు పక్కకి!"

లేచాను. ఎలా లేచానో మోకాలిని విచారించాలి.

మూడో ఈల. అది విన్న ఆ ఆడవాళ్ళు, చేతుల్లో సంచులతో, కొందరు అప్పటికే బామ్మలు, ఎవరూ చెప్పకుండానే చెయ్యి దూరంలో వరుస కట్టారు. ఒకావిడ పక్కావిడను, "నువ్వు పొట్టి, ముందుకి పో," అంది. ఆ కొట్లాట ఆరో తరగతి నాటిదట.

అంతలో బస్సు వచ్చింది. జమాల్ బీ మెట్టెక్కి ఊదారు. సీట్లన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి. కిటికీలోంచి తల బయటపెట్టి, "నేను ముందు పోయి మంచం ఎక్కుతా. సూదులు తీసేలోపు రా!" అన్నారు.

ఆ తర్వాత గంగూరు దాకా ఆ వరుస నాతోపాటు నడిచింది. చీరలు ఎత్తి దోపుకొని కొందరు పరుగెత్తారు. అక్కడ ఒక టిఫిన్ బండాయన అందరికీ నీళ్ళు పోశాడు. దారి పొడుగునా ఫోన్లు ఎత్తి జనం వీడియోలు తీశారు. కానూరు దాకా వచ్చేసరికి ఆ వీడియోలు నాకంటే ముందు విజయవాడ చేరాయి.

కాబట్టి బెంజి సర్కిల్‌లో మామయ్య ఉన్నారు. వ్యాను ఉంది. రిబ్బను ఉంది. మామయ్య చేతిలో పెద్ద బంతిపూల దండ ఉంది. నా మెడ దాకా తెచ్చి, వెనకనున్న ఫ్లెక్సీ చూసి, చేతులు గాల్లోనే ఆపేశారు.

"వెయ్యండి మామయ్యా. అలవాటైంది."

ఆయన వెయ్యలేదు. దండ జయంత్ చేతిలో పెట్టి, జేబులోంచి తాళాలు తీసి నా చేతిలో పెట్టారు. "అక్కయ్య కూడా ఇంతే. చెబితే వినేది కాదు."

వ్యాను నా వెనక వచ్చింది. నేను ఎక్కలేదు. ఆసుపత్రి మెట్లు కూర్చొని కూర్చొని ఎక్కాను. మూడో మంచం మీద జమాల్ బీ. యంత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

"వచ్చావా?"

"వచ్చానండీ. వ్యాను కింద ఉంది."

ఆవిడ పక్క మంచం మీద ఎవరో కొత్తాయన నిద్రపోతున్నారు. కాసేపు అటు చూశాను. బయటికి రావలసి వచ్చింది. కాళ్ళ నొప్పి వల్ల.

డిసెంబరు 22, ఆదివారం

సభ్యురాలు లేవలేకపోయినందున కోరం లేదు.

డిసెంబరు 31, మంగళవారం

వ్యాను సేవలను తనిఖీ చేయడానికి ఉదయం కంకిపాడు వెళ్ళాను. తనిఖీ కోసమే.

వ్యాను పక్క భాగంలో అమ్మ నవ్వుతున్న ఫొటో వేయించాము. కింద పేరు, పేరు కింద, చక్రి మరొకసారి అడిగి నిర్ధారించుకొని మరీ, "నిర్వాహకురాలు". దాని కింద ఫోను చేయవలసిన నంబరు. అది అమ్మదే. ఈ ఉదయం నుంచి నా సంచిలో రెండుసార్లు మోగింది. రీచార్జి వెనుక ఉన్న పరిపాలనా కారణాలు ఇప్పుడు అందరికీ స్పష్టం.

జమాల్ బీ గారి చెప్పులు కాళ్ళకు పడుతున్నాయి. ఈల మెడలో ఉంది. వారానికి మూడుసార్లూ వెళ్తున్నారు. వ్యాను ఎక్కేముందు అందరూ వరుసలో నిలబడాలని ఆవిడ నియమం పెట్టారు. ఎక్కేది నలుగురే, నియమం నియమమే. ఈల ఊదారు. రోగులు, వాళ్ళతో వచ్చినవాళ్ళు, ఆలస్యంగా వచ్చినందుకు డ్రైవరు కూడా వరుస కట్టారు. నేను పక్కన నిలబడి చూస్తున్నాను.

"నీక్కూడా చెప్తన్నా భానమ్మా. వరుస."

"నాకు సర్టిఫికెట్టు ఉందండీ. చదునుపాదాలు."

"బందరు నుంచి వచ్చినప్పుడు యాడబెట్టావు ఆ పాదాలు? సర్టిఫికెట్టు చూపించు."

"ఇంట్లో ఉందండీ."

"అయితే నిలబడు."

నిలబడ్డాను. డ్రైవరు వెనక, చివర. ముందు మనిషి భుజానికి చెయ్యి దూరం చూసుకొని, చేతులు పక్కకు పెట్టుకున్నాను. ఎదురుగా వ్యాను మీద అమ్మ నవ్వుతోంది.

మార్చి నుంచి వాయిదాలో ఉన్న అంశం అక్కడ చర్చకు వచ్చింది. చేతులు పక్కకు ఉంచవలసి ఉన్నందున కళ్ళు తుడుచుకొనే వీలు లేకపోయింది.